కాలమ్ ఖాళీ పెట్టని వెంకటపతి

తిరువళ్ళూరు వెంకటపతి చేతికి వచ్చిన ఏ ఫారంలోనూ ఒక్క కాలమ్ కూడా ఖాళీగా మిగిలేది కాదు. అది తన ఫారమా, పరాయివాళ్ళదా, దాంతో తనకు పనుందా లేదా అన్నవి ఆయన పట్టించుకునే సంగతులు కావు. ఖాళీ గడి కనబడితే చొక్కా జేబులోని పెన్ను దానంతటదే బయటికి వచ్చేది. ఒకసారి అరక్కోణం స్టేషన్లో రైలు ఆలస్యమై ఊరికే కూర్చోవలసి వస్తే, సామాను పోగొట్టుకున్నవాళ్ళు రాసే ఫిర్యాదు ఫారం ఒకటి అడిగి తీసుకున్నాడు. "పోయిన వస్తువు వివరం" అన్నచోట "ఏమీ పోలేదు. ఉన్నది ఒక గొడుగు. భద్రంగా ఉంది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి, గుమాస్తా చేతికిచ్చి రసీదు అడిగాడు.

ఆయన వృత్తి కూడా అదే కావడం ఊరు చేసుకున్న అదృష్టం. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక బల్ల, ఒక రేకు పెట్టె వేసుకుని జనానికి పత్రాలూ అర్జీలూ రాసిపెట్టేవాడు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడూ అచ్చువేసినట్టు రాసేవాడు. జూన్ నెల వస్తే పిల్లల కాలేజీ దరఖాస్తులు పట్టుకుని తల్లిదండ్రులు ఆ బల్ల ముందు వరుస కట్టేవాళ్ళు. వెంకటపతి రాసిన దరఖాస్తు తిరిగివచ్చిన దాఖలా లేదని ప్రతీతి.

ఇంకొక చాదస్తం కూడా ఉంది. కాగితం మీద అబద్ధం రాయడు. రాయనని ఎదుటివాడి మొహం మీద చెప్పడు, పెన్ను విదిలిస్తాడు.

"వయసెంత?"

"నలభై సార్."

పెన్ను విదిలించేవాడు. "ఇంకు దిగడం లేదే."

"నలభై అయిదు."

మళ్ళీ విదిలింపు.

"సరి, యాభై ఒకటి. రాయండి."

ఇంకు దిగేది.

"నా చేతికి అబద్ధం రాదబ్బా," అని తనమీద తనే నవ్వుకునేవాడు. "నోటికి బాగా వస్తుంది. పొద్దున మా ఇంటామె చేసిన పులుసు బాగుండాదని చెప్పే వచ్చినాను."

ఆ ఇంటామె రంగనాయకమ్మ. ఆయన్ను ఎందుకు చేసుకున్నావని ఎవరైనా అడిగితే ఆమె చెప్పేది ఒక్కటే. "మా ఇంటికి ఈయన జాతకం పంపలా. ఫారం పంపినాడు. ఇరవై రెండు కాలమ్‌లు, స్కేలు పెట్టి గీసినవి. లోపాలు అనేచోట ఏం రాసినాడనుకుంటివి? గురక, మొండితనం, ఎడమ చెవి కొంచెం మందం అని. మా నాయన అది చదివి, ఈ పిల్లోడికి చెవుడుంటే ఉండనీ, దాపరికం లేదు అన్న్యాడు."

"మా ఇంటామె ఎప్పుడూ నా ఎడమపక్కనే కూర్చుంటుంది," అనేవాడు వెంకటపతి. "ముప్పై ఏండ్లు కాపురం నిలిచిందంటే సుమ్మానా, ఊరికే నిలిచిందా?"

ఉద్యోగ ప్రకటనలు కూడా ఆయన్ను వదిలేవి కావు. ఒకసారి సముద్రతీరంలో దీపస్తంభం కాపలాకు మనుషులు కావాలని పత్రికలో పడితే దరఖాస్తు పంపాడు. "ఈత వచ్చునా?" అన్నచోట "రాదు. మా ఊళ్ళో సముద్రం లేదు. దీపం వెలిగించడం వచ్చు" అని రాశాడు. వాళ్ళు మర్యాదగా జవాబు రాశారు. ఆ జవాబును చట్రం కట్టించి గోడకు తగిలించాడు.

కాంచన ఈయనకు చెల్లెలి కూతురు. తిరుత్తణికి నాలుగు మైళ్ళ దూరంలో వాళ్ళ ఊరు. తండ్రి సుందరరాజులు చెరకు, వేరుశనగ పండించే రైతు. 1976లో కాంచన తిరుత్తణి కాలేజీలో పి.యు.సి. ముగించింది. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండే గ్రూపు. డాక్టరు కావాలనుకునే పిల్లలందరూ దూరే వాకిలి అది. కాంచన డాక్టరు కావాలని అనుకున్నది సుందరరాజులు. ఆయన అనుకున్నాడు కాబట్టి తిరుత్తణిలో, ఆ చుట్టుపక్కల పదిహేను ఊళ్ళలో అందరూ అనుకున్నారు. రోడ్డు పక్కనున్న కొట్టంలోంచి ఎనుములను ఖాళీ చేయించి, గోడలకు సున్నం కొట్టించి, "ఇది మా బిడ్డ ఆసుపత్రి" అన్నాడు. ఎనుములు మాత్రం సాయంత్రం మేతనుంచి వచ్చి అలవాటు ప్రకారం నేరుగా ఆసుపత్రిలోకే పోయేవి. "పేషెంట్లు వచ్చినారు, చూడు పో" అనేది తల్లి వరదమ్మ.

అప్పటి తన గురించి కాంచన తర్వాత్తర్వాత ఏమీ దాచుకునేది కాదు. డాక్టరు చదువు సంగతి ఎలా ఉన్నా డాక్టరు సంతకం మాత్రం పదహారేళ్ళకే వచ్చేసిందని చెప్పేది. ఎవరికీ అర్థం కాని ఆ గిలుకుడు రోజూ నోటుబుక్కు వెనక సాధన చేసేది. పక్కింటి ముసలమ్మకు ఒళ్ళు వెచ్చబడితే నాలుక చాపమని, వంగి చూసి, "ఊఁ" అనేది. ఆ ఊఁ తర్వాత ఏమనాలో తెలియదు. ముసలమ్మ నాలుక చాపుకునే ఉండేది.

ఆ దర్జా డిసెంబరులో కప్ప దగ్గర దిగిపోయింది. ల్యాబులో మైనపు పళ్ళెంలో కప్పను వెల్లకిలా పెట్టి నాలుగు కాళ్ళకూ గుండుసూదులు గుచ్చారు. కాంచన కత్తెర తీసుకుంది. మొదటి గాటులో ఎర్రగా ఒక చుక్క ఊరింది. తర్వాత ఆమెకు కనబడింది ల్యాబు పైకప్పు.

"పది నిమిషాలయింది మే," అంది పక్క బల్ల ఆరోగ్యమేరి, నీళ్ళు చల్లుతూ. "మత్తు నీకిచ్చినారా, కప్పకా?"

మూడు వారాల్లో మూడుసార్లు అదే జరిగింది. చివరికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. కాంచన కప్పను ఆరోగ్యమేరి కోస్తుంది. ఆరోగ్యమేరి వృక్షశాస్త్రం బొమ్మలు కాంచన వేస్తుంది. కాండాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కనిపించే గుండ్రటి గదులను కాంచన పెన్సిలుతో వేస్తే, కాలేజీలో మాస్టర్లు వచ్చి చూసిపోయేవాళ్ళు. రక్తం సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు. చేరాక అదే అలవాటవుతుందిలే అనుకుంది. అంత తెలివైన పిల్ల.

మే నెలాఖరులో ఫలితాలు వచ్చాయి. మార్కులు మంచివే. సుందరరాజులు వైద్య కళాశాల దరఖాస్తు తెప్పించి, కూతుర్ని వెంటబెట్టుకుని రైలెక్కి తిరువళ్ళూరు వచ్చాడు.

"బావా, బిడ్డ బతుకు నీ చేతిలో పెడతా ఉండా," అని ఫారం బల్లమీద పెట్టి, వీధికి అవతల ఉన్న నటరాజ్ టీ అంగడికి వెళ్ళాడు.

వెంకటపతి కళ్ళద్దాలు తుడుచుకుని, పెన్ను తీశాడు. "పేరు?"

"నీకు తెలీదా మామా?"

"అడిగేది నేను కాదు, ఫారం."

పద్దెనిమిది కాలమ్‌లు సాఫీగా సాగాయి. పుట్టుమచ్చల దగ్గర మాత్రం ఆయన కొలత కావాలన్నాడు.

"పంతొమ్మిది. వైద్య విద్యను ఎందుకు ఎంచుకున్నావు?"

"ప్రజాసేవ," అంది కాంచన తడుముకోకుండా.

పెన్ను విదిలించాడు.

"పేదలకు ఉచితంగా వైద్యం చెయ్యాలని."

మళ్ళీ విదిలించాడు. బల్లమీద రెండు చుక్కలు పడ్డాయి. అంటే ఇంకు ఉంది.

"చిన్నప్పటినుంచీ నాకు డాక్టరు కావాలని ఆశ మామా."

"చిన్నప్పుడు నీకు బస్సు కండక్టరు కావాలని ఆశ. విజిల్ కొనిచ్చింది నేనే. మూడు దినాలు ఇంట్లో ఎవుర్నీ నిద్రపోనీలా."

వెంకటపతి ఆ గడి పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టాడు. "పోనీలే. దీన్ని తర్వాత చూస్తాం."

సుందరరాజులు మీసం తుడుచుకుంటూ వచ్చాడు. "అయిందా బావా?"

"ఒకటి మిగిలింది. కడపటి తేదీకి ఇంకా టైముండాది. అదలా ఉండనీ, ఇంకో మాట. వైద్యంలో సీటు వస్తే సరి. రాకపోతే బిడ్డ ఏడాదంతా ఇంట్లో కూర్చుంటుందా? ఏదైనా బి.ఎస్సీ.కి కూడా ఒకటి వేసిపెడతాం."

"నువ్వు రాసింది రాకుండా యాడికి పోతుంది?" అని నవ్వాడు సుందరరాజులు. తర్వాత నవ్వు తగ్గించాడు. "డాక్టరైతే చదివిస్తా బావా. ఉత్త డిగ్రీ కోసరం మద్రాసులో పెట్టి చదివించాలని నాకు లేదు. నీ చేతి దురద తీరాలంటే రాసుకో."

చేతి దురద తీర్చుకోవడానికి వెంకటపతి తర్వాతి సోమవారమే మేనకోడల్ని మద్రాసు తీసుకుపోయాడు. రైలు కదలగానే సంచిలోంచి మూడు కాగితాలు తీశాడు. స్కేలుతో గీసిన ఫారాలు. పైన "కాలేజీ పేరు" అని ఉంది.

"ఇవేంది మామా?"

"వాళ్ళు మనల్ని అన్ని ప్రశ్నలు అడుగుతారు గదా. మనం వాళ్ళని అడగకూడదా?"

కాంచన కాగితం చదివి, మద్రాసు రాకముందే దిగిపోదామా అనుకుంది. తాగేనీళ్ళు ఎక్కడ. మెట్లెన్ని. జబ్బు చేస్తే చూసేదెవరు. ఆవరణలో చెట్లు, పేర్లతో. ఏడ్చే విద్యార్థినులు, ఏడాదికి సుమారుగా.

మొదటి కాలేజీ చాలా పెద్దది. వెంకటపతి ఆఫీసు కిటికీ ముందు నిలబడి ప్రశ్నలు మొదలుపెడితే, కాంచన ముప్పై అడుగుల దూరంలో స్తంభం పక్కన నిలబడి, ఆయనెవరో తనకు తెలియనట్టు నోటీసు బోర్డు చదివింది. అది సైకిళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పే నోటీసు. దాన్ని ఆరుసార్లు చదివింది.

"ఏడుపా? మా కాలేజీలో ఎవరూ ఏడవరు సార్. ఇక్కడంతా ఫస్ట్ క్లాస్," అన్నాడు కిటికీ లోపలి ఆయన.

పెన్ను విదిలింపు స్తంభం దాకా వినబడింది. రెండో కాలేజీలో వాచ్‌మన్ లోపలికే రానివ్వలేదు. వెంకటపతి నొచ్చుకోలేదు. వాచ్‌మన్‌నే అడిగి మెట్లు, చెట్లు రాసుకున్నాడు.

మూడోది చిన్న ఆడపిల్లల కాలేజీ. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే కస్తూరమ్మ అనే లెక్చరరు చేతిలో తడి మట్టితో ఎదురుపడింది. ఊరు పొన్నేరి దగ్గర, ఇంట్లో తెలుగే. వెంకటపతి ప్రశ్నలకు ఆమె నవ్వలేదు. నిలబడి ఒక్కొక్కదానికీ ఆలోచించి జవాబు చెప్పింది.

"ఏడ్చేవాళ్ళు ఏటా నలుగురైదుగురు ఉంటారండీ. మొదటి నెలలో. నేను ఇక్కడే చదివినాను. నేను రెండు నెలలు ఏడ్చినాను."

ఇంకు ధారగా దిగింది.

ఆమె కాంచనను ల్యాబులోకి పిలిచి, సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. నీటిమొక్క కాండం ముక్క అది. గాలి గదులు జల్లెడలా ఉన్నాయి. కాంచన పెన్సిలు అడిగింది. తర్వాత మామ ఎక్కడున్నాడో, ఏం అడుగుతున్నాడో ఆమెకు తెలియలేదు.

తిరుగు రైల్లో వెంకటపతి మూడు ఫారాలూ మడిచి పెట్టుకుంటూ అన్నాడు. "నలభై నిమిషాలు నువ్వు నోరు తెరవలా. డాక్టరు చదువు గురించి అడిగితే మాత్రం మాట్లాడతానే ఉంటావు."

అప్పుడు చెప్పింది కాంచన. కప్ప, ఆరోగ్యమేరి, పైకప్పు, అన్నీ. చెప్పేసి, మామ నవ్వుతాడని చూసింది. ఆయన కిటికీ బయటికి చూశాడు.

"మీ నాయనతో చెప్పు."

"చెప్పలేను మామా. ఎనుములను కూడా బయట కట్టేసినాడు."

"అదీ నిజమే," అన్నాడు వెంకటపతి. "సరి. పంతొమ్మిదో కాలమ్ నీది. నిదానంగా ఆలోచించి నాకొక కార్డు రాయి. ఏం రాస్తే అదే నింపుతాను. కానీ నిజం రాయి. ఇరవయ్యో తేదీలోగా అందాల."

కాంచన మూడు కార్డులు రాసింది. తెలుగు మాటలే, కానీ తమిళ అక్షరాల్లో. తెలుగు రాత ఆమెకు అంతంత మాత్రం. మొదటి కార్డులో ప్రజాసేవ అని రాసి, మామ పెన్ను గుర్తొచ్చి చించేసింది. రెండో దాంట్లో, తెల్లకోటు నాకు బాగుంటుంది అని రాసింది. అది నిజమే, అందుకే చించేసింది. మూడో దాంట్లో, మా నాయన పదిహేను ఊళ్ళలో చెప్పేసినాడు కాబట్టి, అని రాసి చాలాసేపు చూసుకుంది. ఆ కార్డును రసాయనశాస్త్రం పుస్తకంలో దాచింది. ఇరవయ్యో తేదీ వచ్చింది, పోయింది. మామ ఏదో ఒకటి రాసి పంపేసి ఉంటాడులే అని తనను తాను నమ్మించుకుంది. ఇంకొకరి మీద భారం వేసి హాయిగా నిద్రపోవడంలో తనకు చిన్నప్పటినుంచీ మంచి ప్రావీణ్యం ఉందని తర్వాత చెప్పేది.

నెలాఖరులో దరఖాస్తు తిరిగి వచ్చింది. అసంపూర్తి అని పైన రాసి, లోపల ఒక గడి చుట్టూ ఎర్ర పెన్సిలు సున్నా. గడువు ముగిసింది.

సుందరరాజులు ఆ సున్నా మీద వేలు పెట్టి చూశాడు. "రా" అని కూతురితో అని, రైలెక్కాడు. వాళ్ళు చేరేసరికి వెంకటపతి బల్ల ముందు పది మంది వరుసలో ఉన్నారు. సుందరరాజులు వాళ్ళందరినీ దాటి వెళ్ళి కాగితం బల్లమీద పరిచాడు.

"ఇదేంది బావా?"

వెంకటపతి కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "పంతొమ్మిదో కాలమ్."

"ఖాళీగా ఉండాదే."

"ఉండాది."

"ఎవురు నింపాల?"

మామ తనవైపు చూస్తాడనుకుంది కాంచన. చూస్తే చెప్పేద్దామనుకుంది. ఆయన చూడలేదు. చూడలేదు కాబట్టి ఆమె కూడా తన వంతు సాహసంగా చెప్పుల వైపు చూస్తూ నిలబడింది.

"నేనే నింపాల," అన్నాడు వెంకటపతి. "మరిచిపోయినాను బావా. తప్పు నాదే."

"ఊరందరి కాగితాలూ గుర్తుంటాయి. నా బిడ్డది మరిచిపోయినావు."

వెంకటపతి తల వంచుకున్నాడు. సుందరరాజులు కాగితం మడిచి తీసుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేదని కాంచనకు అనిపించింది. వాళ్ళు వెనక్కి తిరిగేసరికి వరుసలోని పది మందిలో ఏడుగురు, అటు పక్క బల్ల వేసుకుని కూర్చున్న శివరామయ్య ముందు నిలబడి ఉన్నారు.

వారం తిరక్కుండా తిరువళ్ళూరంతా ఆ మాటే. ఖాళీ పెట్టని వెంకటపతి, సొంత మేనకోడలి ఫారంలో ఖాళీ పెట్టాడు. ఇంతలో, వెంకటపతి ఆనాడే దరఖాస్తు నింపి ఇచ్చివచ్చిన ఆ చిన్న కాలేజీనుంచి కాంచనకు కార్డు వచ్చింది. వృక్షశాస్త్రంలో సీటు ఇస్తున్నామనీ, తండ్రితో వచ్చి కలవమనీ. సుందరరాజులు దాన్ని చూసి పక్కన పెట్టాడు. "బిడ్డను ఇంట్లో ఉంచి ఏం చేస్తావు? ఆసుపత్రిలో కట్టేస్తావా?" అంది వరదమ్మ. చివరికి "చూస్తాంలే" అన్నాడు.

సర్టిఫికెట్ల నకళ్ళ కోసమని కాంచన ఒక్కతే తిరువళ్ళూరు వచ్చింది. జూలై మొదటివారం, దరఖాస్తుల కాలం. శివరామయ్య బల్ల దగ్గర ఊపిరాడటం లేదు. వెంకటపతి బల్ల ముందు ఒక్కరూ లేరు. ఆయన తెల్లకాగితం మీద ఊరికే గీతలు గీసుకుంటున్నాడు.

"రా మే. యాభై రెండేండ్లకు నాకూ ఎండాకాలం సెలవులు ఇచ్చినారు."

కాంచనకు నవ్వు రాలేదు. "ఏదో ఒకటి రాసి ఉండచ్చు గదా మామా."

"రాసి ఉండచ్చు. వాళ్ళూ నమ్మి ఉందురు. తర్వాత అయిదారేండ్లు ఆ అబద్ధంతో కాపురం చెయ్యాల్సింది నువ్వు. నీ కార్డు కోసరం ఇరవయ్యో తేదీ పోస్టు మూసేదాకా పోస్టాఫీసులోనే కూర్చున్న్యాను. రాలా. సరి, నీ జవాబు అదే అనుకోని అట్లే పంపినాను."

"మరి మరిచిపోయినానని ఎందుకు చెప్పినావు?"

"ఎందుకు రాయలేదో నువ్వు చెప్పాల్సింది. నీ తరఫున నేను చెప్పకూడదు గదా." ఇంకో గీత గీశాడు. "అయినా పదిహేడేండ్ల పిల్లకు ఏం కావాలో తెలీకపోతే తప్పేం లేదు. యాభై రెండేండ్లోడు మరిచిపోతే అది తప్పు. తప్పు యాడ ఇముడుతుందో ఆడ పెట్టినాను."

కాంచన ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళింది. నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అయిదో రోజు తండ్రీ కూతుళ్ళు మద్రాసు వెళ్ళారు. కస్తూరమ్మ సుందరరాజులుకు కుర్చీ వేసి, మీ అమ్మాయి గీసిన బొమ్మ అని చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందన్నాడు. చేరడానికి పన్నెండో తేదీ దాకా గడువు. తిరుగు రైల్లో ఆయన ఫీజు లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. ఈ సమయంలో నోరు తెరిస్తే ఈ సీటు కూడా పోతుందని కాంచనకు తెలుసు. పట్టాభిరామ్‌లో బండి ఆగినప్పుడు తెరిచింది.

"నాయనా, ఆ కాలమ్ మామ మరిచిపోలా. నేనే జవాబు ఇవ్వలా."

అక్కడ మొదలుపెట్టి, కప్ప దగ్గరనుంచి మూడో కార్డు దాకా చెప్పుకుంటూ పోయింది. మధ్యలో రెండు స్టేషన్లు వచ్చిపోయాయి. ఎదుట కూర్చున్న పూలమ్మే ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని మొత్తం వింది. సుందరరాజులు మాత్రం వింటున్నాడో లేదో తెలియలేదు. తిరువళ్ళూరు స్టేషన్లో బండి నెమ్మదించగానే పైకి లేచాడు.

"దిగు."

"మనం తిరుత్తణికి గదా నాయనా."

"దిగమన్న్యాను గదా."

ఆయన ముందు నడుస్తుంటే కాంచన వెనకే దాదాపు పరుగెత్తింది. సాయంత్రం అయిదయింది. నటరాజ్ టీ అంగడి నిండా జనం. శివరామయ్య కూడా అక్కడే గ్లాసు పట్టుకుని ఉన్నాడు. వీధికి అవతల వెంకటపతి, బావ వస్తుండటం చూసి, ఇంకో విడత నిలదీత ఉందనుకున్నాడేమో, లేచి నిలబడ్డాడు.

సుందరరాజులు ఆయన చెయ్యి పట్టుకుని వీధి దాటించి అంగడిలోకి తెచ్చాడు.

"ఈ మనిషి ఏదీ మరిచిపోలా," అన్నాడు అందరికీ వినబడేటట్టు. "ఆ కాలమ్ ఖాళీ పెట్టింది మా బిడ్డ. నెత్తురు చూస్తే దానికి కండ్లు తిరుగుతాయంట. నాకు చెప్పేదానికి భయపడింది. ఈయన తన నెత్తిన వేసుకున్న్యాడు." ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. "నన్ను చూసి భయపడాల్సిన పనేం లేదు. అది మా వంశంలో ఉండేదే."

సుందరరాజులు కాంచన వైపు చెయ్యి చూపాడు.

"ఇది పుట్టింది ఈ ఊరి ఆసుపత్రిలోనే. వరండాలో నిలబడి ఉండాను. నర్సమ్మ తట్ట తీసుకోని బయటికి వచ్చింది. అందులోకి నేను చూడకూడదు. చూసినాను. మళ్ళీ కండ్లు తెరిస్తే ఈయన ఒళ్ళో నా తలకాయ ఉండాది. నాకంటే ముందు బిడ్డను ఈయనే చూసినాడు. నేను యాడికి పోయినానని అడిగినోళ్ళకంతా, కొబ్బరిబోండాలు తెచ్చేదానికి పోయినాడని చెప్పినాడు. పదిహేడేండ్లు. మా వరదమ్మకు కూడా ఇప్పటిదాకా తెలీదు. రేపటికి తెలుస్తుంది, అది వేరే సంగతి. పన్నెండో తేదీ మా బిడ్డ చెట్ల చదువుకు పోతుంది. ఎవురైనా అడిగితే అట్లే చెప్పండి."

నటరాజ్ వెంకటపతికి టీ ఇస్తూ మెల్లిగా అడిగాడు.

"ఆసుపత్రి ఫారంలో కూడా రాయలేదా సార్? మీరు రాయకుండా ఉంటారా?"

"ఫారం నేనే నింపినాను," అన్నాడు వెంకటపతి. "తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడా అని అడిగినారు. ఉన్నాడు అని రాసినాను. నిలబడి ఉన్నాడా, పడుకోని ఉన్నాడా అనే కాలమ్ లేదు."

అంగడంతా ఒక్కసారి నవ్వింది. శివరామయ్యకు టీ పొలమారింది. సుందరరాజులు కూడా నవ్వాపుకోలేక మీసం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒక్కసారి పడినదానికి ఇంత నవ్వాల్నా?" అన్నాడు.

వెంకటపతి గ్లాసు కింద పెట్టాడు. చెప్పకుండా ఉండాలని నిజంగానే ప్రయత్నించాడు. కాంచన చూసింది. పెదవులు బిగించాడు, ఆఫీసు గోడ వైపు చూశాడు, ఒకసారి దగ్గాడు కూడా.

"రెండుసార్లు బావా," అన్నాడు చివరికి. "రెండోసారి నర్సమ్మ మీద పడినావు."